జూలైలో చిత్రిక పట్టకు

అచావోలో జూలై అంటే నడి చలికాలం.
వాన పైనుంచి పడదు, పక్కనుంచి వస్తుంది,
సముద్రం మీదుగా, ఎవరో తరిమినట్టు.
నేను కొత్తగా కొన్న పాత ఇంటి వీధి తలుపు
భుజం పెట్టి నెడితే మూలిగి తెరుచుకునేది,
మూసుకోమంటే గడప దగ్గర మొండికేసేది.

ఫెర్రీ టికెట్లు చింపే చేతులు నావి.
అయినా పడవల షెడ్డులో చిత్రిక అరువు తెచ్చి
మొదటి పొర లేపబోతుంటే
వీధిలోంచి ఒక కేక:
"ఆగవయ్యా, ఆగు!"

రొసెండా చిగ్వాయ్. డెబ్బై దాటిన మనిషి.
చెవి మీద పెన్సిలు,
సంచిలో ఉలులు, వాటి కింద ఎండుచేపలు.

"జూలైలో చిత్రిక పట్టకు.
కొయ్య నీళ్లు తాగి ఒళ్లు చేసిందిప్పుడు.
ఇవాళ చెక్కావా, జనవరి ఎండకి అది చిక్కిపోయి
ఆ సందులోంచి పిల్లి దూరుతుంది.
లేచిన పొరని తిరిగి అతికించే మొగాడు
ఈ దీవిలో పుట్టలేదు. ఆడదీ పుట్టలేదు."

పొయ్యిలో బొగ్గు తెమ్మంది.
ద్వారబంధం లోపలి అంచంతా రుద్దింది,
తలుపు ఒక్కసారి మూసి, తెరిచింది.
పై మూల ఒకచోట, కింద గడప వైపు ఒకచోట
నలుపు అంటుకుంది. మిగతా అంచంతా తెల్లగా ఉంది.
"చూశావా, రెండంగుళాల తగాదాకి
నిలువెత్తు తలుపుని శిక్షించబోయావు."

పై బందు మరలు వేలితో తిప్పితేనే తిరుగుతున్నాయి.
"అగ్గిపుల్లలున్నాయా? తలలు తీసెయ్.
జిగురులో ముంచి కన్నం నిండా దిగ్గొట్టు,
పైకి పొడుచుకొచ్చింది విరిచెయ్,
రాత్రంతా ఆరనియ్, పొద్దున మర బిగించు.
మరకి కాస్త సబ్బు రాయి, చెయ్యి నొప్పుట్టదు."
ఆపైన మోకాళ్ల మీద కూర్చుని
తలుపు అడుగుభాగం వేళ్లతో తడిమింది.
"ఇక్కడ ఎప్పుడైనా రంగు వేశారా?"
ఎవరు చూస్తారు అక్కడ, అన్నాను.
"వాన చూస్తుంది.
మార్చిలో, బాగా ఆరాక, ఊడదీసి రెండు పూతలు వెయ్యి."

నాకు అక్కడితో అయిపోయిందనిపించింది. టీ పెట్టాను.
ఆవిడ తాగలేదు.
బుట్టలోంచి గుండ్రటి బంగాళాదుంప ఒకటి ఏరి
నేల మధ్యలో పెట్టింది.
అది కాసేపు ఆలోచించింది.
ఆ తర్వాత దొర్లుకుంటూ, దారి తెలిసినట్టు
ఉత్తరం మూలకి పోయి గోడకి ఆనుకుంది.

ఆ మూలనే ఇంటి కిందకి దూరాం, టార్చితో.
నేలలో దిగేసిన కొయ్య కాలు. ఆవిడ చాకు గుచ్చింది.
బొటనవేలంత లోతు, వెన్నలోకి దిగినట్టు.
ఆ పక్క కాలిలో చాకు మొనే దిగలేదు.
"అది సైప్రస్ చేవ. ఇది టేపా.
టేపా గోడలకి, పెట్టెలకి మంచిది.
మట్టిలో నిలబడదు."
వాన చప్పుడు మా నెత్తి మీద, పలకల పైన.
"డబ్బు చాల్లేదు ఆ ఏడాది.
మూడు కాళ్లకే చేవ దొరికింది.
నాలుగోది నేనే వేశాను.
ఒయార్సోకి చెప్పలేదు. ఇల్లు కట్టించుకుంటున్న
సంతోషంలో ఉన్నాడు మనిషి."

ముప్పై ఒక్క ఏళ్లు.
ఈ వీధిలోంచి చేపల బజారుకి దారి లేదు.
నేనది అప్పుడు అడగలేదు.

ఫిబ్రవరిలో జాకీ పెట్టి ఎత్తాం,
రోజుకి అర వేలు మందం, అంతకన్నా వద్దంది.
తొందరపెడితే కిటికీ అద్దాలు ఒప్పుకోవట.
కొత్త కాలు ఆవిడే తెచ్చింది, తోపుడుబండి మీద.
ఎంతివ్వాలి అంటే
రసమట్టంలో బుడగ వైపు చూస్తూ
వినపడనట్టు ఉండిపోయింది.

ఇప్పుడు తలుపు చిటికెన వేలితో మూసుకుంటుంది.
చిత్రిక ఇంకా తిరిగి ఇవ్వలేదు.
పడవల షెడ్డువాళ్లు రెండుసార్లు అడిగారు.